తల్లి కంచంలో మెగ్నీషియం: ఇందల్వాయి నుంచి విస్తరణ విభాగానికి ఒక ప్రశ్న

నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వైపు 44వ జాతీయ రహదారిపై వెళ్లేవారికి డిచ్‌పల్లి దాటిన తరువాత ఇందల్వాయి వస్తుంది. పడమట బోధన్, వర్ని, రుద్రూర్ ప్రాంతాల నల్లరేగడి నేలలు నిజాంసాగర్ కాలువల కింద వరికి, చెరకుకు పేరుపొందాయి. ఇందల్వాయి వైపు వచ్చేసరికి ఎర్ర చెలక నేలలు, గుట్టలు, అడవి అంచులు, బోరుబావుల కింది సేద్యం కనిపిస్తాయి. నేలలు వేరైనా కంచం మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే అయింది. తెల్లగా పాలిష్ పట్టిన వరి అన్నం, కొద్దిగా పప్పు లేదా పులుసు, అప్పుడప్పుడు ఆకుకూర. ఒకప్పుడు ఈ జిల్లా ఇళ్లలో రోజూ వండిన జొన్న రొట్టె, మక్క గట్క, అంబలి ఇప్పుడు అప్పుడప్పుడు వండుకునేవిగా మారాయి.

ఈ మార్పును వ్యవసాయ శాస్త్రవేత్తలు విస్తీర్ణం, దిగుబడి, మద్దతు ధర లెక్కల్లో చాలాసార్లు చర్చించారు. గర్భిణి శరీరం వైపు నుంచి, అందునా ఒక్క మూలకం వైపు నుంచి ఈ మార్పును చూసిన చర్చ తక్కువ. ఆ మూలకం మెగ్నీషియం. పంటకు అది లోపిస్తే ఏమి చేయాలో ప్రతి విస్తరణాధికారికీ తెలుసు. ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే, పత్తిలో ఆకులు ఎర్రబారితే, లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ పిచికారీ చేయమని రైతుకు వెంటనే చెప్పగలరు. ఆ రైతు ఇంట్లో గర్భిణికి అదే మూలకం రోజుకు ఎంత అందుతోందని మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్న వైద్యశాఖదని విస్తరణ విభాగం భావిస్తుంది. వైద్యశాఖ దృష్టి ఐరన్, ఫోలిక్ ఆమ్లం, కాల్షియం మాత్రల మీద ఉంది. మెగ్నీషియం ఈ రెండు శాఖల మధ్య ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది.

హైదరాబాద్ ఎలుకలు చెప్పినది

ఈ అంశంపై అంతర్జాతీయంగా ప్రస్తావనకు వచ్చే పరిశోధనల్లో ముఖ్యమైనది ఇందల్వాయికి కొన్ని గంటల ప్రయాణ దూరంలోనే, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగింది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆరంభించిన చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి 1969లో ఈ పేరు పొందింది. పాలిష్ బియ్యం ప్రధానమైన ఆహారాన్నీ, గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలతో కూడిన ఆహారాన్నీ ఎలుకలకు పెట్టి వాటి పెరుగుదలను పోల్చి చూపినది మెక్‌కారిసనే. ఆ విధంగా బియ్యపు పాలిష్ గురించిన ప్రశ్న ఈ సంస్థ పుట్టుకతోనే ముడిపడి ఉంది.

ఈ సంస్థలో డాక్టర్ ఎం. రఘునాథ్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో విస్టార్ జాతి ఆడ ఎలుకలకు సంపర్కానికి చాలా వారాల ముందు నుంచే మెగ్నీషియం దాదాపు 70 శాతం తగ్గించిన ఆహారం ఇచ్చారు. పుట్టిన పిల్లలను వేర్వేరు సమూహాలుగా విభజించారు. కొన్నింటికి తల్లి ప్రసవించిన నాటి నుంచే ఆహారాన్ని సరిచేశారు, కొన్నింటికి పాలు మాన్పించిన తరువాత సరిచేశారు, మిగిలినవాటికి లోపాన్ని అలాగే కొనసాగించారు. ఆరు నెలల వయసు వచ్చేసరికి లోపం గల తల్లుల పిల్లల్లో శరీరపు కొవ్వు శాతం పెరిగింది, ఇన్సులిన్‌కు కణజాలం స్పందించే గుణం తగ్గింది. తరువాత ఆహారం సరిచేసినా ఈ మార్పు పూర్తిగా వెనక్కి మరలలేదు. పుట్టిన తరువాత కూడా లోపం కొనసాగిన పిల్లల్లో గ్లూకోజ్‌ను తట్టుకునే శక్తి కూడా దెబ్బతిన్నది. ఇదే బృందం 2008లో మరికొంత దీర్ఘకాలపు ఫలితాలను ప్రచురించింది.

ఈ ఫలితానికి జీవరసాయన కారణాలు ఊహకు అందనివి కావు. కణంలో శక్తిని మోసే ఏటీపీ అణువు మెగ్నీషియంతో కలిసినప్పుడే ఎంజైములకు ఉపయోగపడుతుంది. ఇన్సులిన్ గ్రాహకం కణం లోపలికి సంకేతం పంపే చర్యకు ఇదే మూలకం అవసరం. మెదడులో నరకణాలు అతిగా ఉత్తేజితం కాకుండా ఆపే ద్వారాలలో ఒకదానిని మూసి ఉంచేదీ ఇదే. మాంసం, కండరం, క్లోమం, మెదడు రూపుదిద్దుకునే దశలో ఈ మూలకానికి కొరత ఏర్పడితే ఆ అవయవాల నిర్మాణంలో ఏదో ఒక సర్దుబాటు జరుగుతుంది.

పంటను గమనించేవారికి ఇక్కడ ఒక పోలిక తట్టకమానదు. మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకం. కొరత వచ్చినప్పుడు ముదురు ఆకు తన వాటాను లేత ఆకుకు పంపి తాను పాలిపోతుంది. గర్భంలోనూ మావి ద్వారా శిశువుకు మెగ్నీషియం చురుకుగా చేరవేయబడుతుంది. తల్లి ఎముకల్లో శరీరపు మెగ్నీషియంలో సగానికి పైగా నిల్వ ఉంటుంది. ఈ కారణంగా తల్లి ఏమి తిన్నా శిశువు తనకు కావలసినది తీసుకుంటుందన్న భావన చాలాకాలం ఉంది. హైదరాబాద్ ప్రయోగం ఆ భావనకు హద్దు చూపింది. కొరత తీవ్రమైతే తల్లి త్యాగం ఒక్కటే శిశువును కాపాడలేదు.

మనుషుల విషయంలో తెలిసినదెంత

ఎలుకల ఫలితాన్ని గ్రామసభలో నేరుగా చెప్పడం శాస్త్రీయం కాదు. 70 శాతం తగ్గింపు తీవ్రమైన కొరత. ఎలుకకు ఇతర పోషకాలన్నీ సక్రమంగా అందుతుండగా ఒక్క మెగ్నీషియం తగ్గించారు. మనుషుల జీవితంలో అలా జరగదు. కొరతలన్నీ కలిసే వస్తాయి. పరీక్ష కూడా సులభం కాదు. శరీరంలోని మెగ్నీషియంలో ఒక శాతం కన్నా తక్కువ భాగమే రక్తంలో ఉంటుంది. గర్భిణిలో రక్తం పలుచబడటం వల్ల ఆ అంకె సహజంగానే తగ్గుతుంది. కాబట్టి రక్తపరీక్షలో సాధారణమని వచ్చినంత మాత్రాన కొరత లేదనీ, తగ్గిందని వచ్చినంత మాత్రాన కొరత ఉందనీ చెప్పలేము.

గర్భిణులకు మెగ్నీషియం మాత్రలు ఇచ్చిన ప్రయోగాలను 2014లో కోక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చి పరిశీలించింది. పది ప్రయోగాలు, 9,090 మంది తల్లులు. మాత్రల వల్ల తల్లికి గాని బిడ్డకు గాని మేలు జరుగుతుందని చెప్పడానికి నాణ్యమైన ఆధారాలు చాలవని సమీక్ష తేల్చింది. ఇంకొకవైపు గుర్రపువాతానికి, అంటే అధిక రక్తపోటుతో వచ్చే మూర్ఛలకు, ఆసుపత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ సూదిమందుగా ఇవ్వడం ప్రాణాలు కాపాడే చికిత్స. 33 దేశాల్లో పది వేలకు పైగా స్త్రీలతో జరిగి 2002లో వెలువడిన మాగ్‌పై ప్రయోగంలో ఈ చికిత్స మూర్ఛల ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గించింది. అది అత్యవసర చికిత్స, పోషణ కాదు. అదే మందును నెలలు నిండకుండా వచ్చే నొప్పులను ఆపడానికి వారానికి మించి వరుసగా ఇస్తే గర్భస్థ శిశువు ఎముకలకు హాని కలుగుతుందని అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 2013లో హెచ్చరించింది. మందు మోతాదుకూ, ఆహారపు మోతాదుకూ మధ్య ఉన్న ఈ తేడాను విస్తరణ సిబ్బంది స్పష్టంగా తెలుసుకోవాలి. పొలానికి అమ్మే మెగ్నీషియం సల్ఫేట్ సంచి ఇంట్లో ఉన్నంత మాత్రాన అది తినదగినది కాదన్న హెచ్చరిక కూడా ఈ సందర్భంలో అవసరమే.

ఆహారం మొత్తంగా మెరుగైతే బిడ్డలకు ఏమి జరుగుతుందన్న దానికి తెలంగాణలోనే ఒక అరుదైన మానవ సాక్ష్యం ఉంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాలలో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం నిర్వహించింది. సమగ్ర శిశు అభివృద్ధి సేవలు అప్పటికే చేరిన 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్న పిల్లలకు అదనపు ఆహారం అందింది. ఆ సేవలు ఇంకా చేరని 14 గ్రామాలను పోలికకు తీసుకున్నారు. అప్పుడు పుట్టిన పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ పరీక్షించగా, ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ ఉన్నారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత సూచిక 20 శాతం తక్కువగా ఉంది. ఈ ఫలితం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది.

ఆ గ్రామాల్లో పెట్టిన ఆహారం మొక్కజొన్న, సోయా మిశ్రమంతో సోయా నూనె వేసి చేసిన ఉప్మా. మొక్కజొన్న, సోయా చిక్కుడు రెండూ నిజామాబాద్ జిల్లా రైతులకు బాగా తెలిసిన పంటలు. ఆ మేలు మెగ్నీషియం వల్లనే కలిగిందని ఎవరూ చెప్పలేరు. అందులో శక్తి ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, ఇతర ఖనిజాలూ ఉన్నాయి. అయినా తల్లి గర్భిణిగా ఉన్నప్పుడు తిన్న సాధారణ ధాన్యపు ఆహారం కౌమారంలో బిడ్డ ఇన్సులిన్ స్థితిని ప్రభావితం చేయగలదన్న సంగతి తెలుగు గ్రామాల్లోనే కనిపించింది. ఎలుకల ప్రయోగం చూపిన దిశకూ, గ్రామాల ఫలితం చూపిన దిశకూ వైరుధ్యం లేదు. విస్తరణ విభాగం ఆచరణకు ఇంత ఆధారం చాలు. మాత్రలు పంచడానికి ఇది చాలదు.

మిల్లులో పోయేది

భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు 370 మిల్లీగ్రాముల మెగ్నీషియం కావాలి. గర్భిణికి 440 మిల్లీగ్రాములు, పాలిచ్చే తల్లికి 400 మిల్లీగ్రాములు కావాలి. అదే సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికలో పాలిష్ బియ్యంలో 100 గ్రాములకు దాదాపు 20 మిల్లీగ్రాములు, దంపుడు బియ్యంలో దాదాపు 94, జొన్నలో 133, సజ్జలో 124, రాగిలో 146 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉన్నట్లు ఉంది.

ఈ అంకెలతో ఒక చిన్న లెక్క వేయవచ్చు. రోజుకు 350 గ్రాముల పాలిష్ బియ్యం తినే గర్భిణికి ఆ బియ్యం నుంచి వచ్చేది 70 మిల్లీగ్రాములు. అంటే అవసరంలో ఆరో వంతు కూడా కాదు. కడుపు నిండుతుంది గాని మిగిలిన 370 మిల్లీగ్రాములు పప్పు, ఆకుకూర, పాలు, గింజల నుంచి రావాలి. కంచంలో వాటి పరిమాణమే తక్కువ. ఆ 350 గ్రాములలో 100 గ్రాముల బియ్యం స్థానంలో జొన్న చేరితే మొత్తం 183 మిల్లీగ్రాములు అవుతుంది. అవసరంలో నాలుగో వంతు ఈ ఒక్క మార్పుతో అదనంగా చేరుతుంది. ఇది ముడి పదార్థం మీద వేసిన లెక్క. బియ్యాన్ని ఎక్కువసార్లు కడిగి, ఎక్కువ నీటితో వండి గంజి వార్చి పారబోస్తే బియ్యం వాటా ఇంకా తగ్గుతుంది. జొన్నలోని ఫైటిక్ ఆమ్లం కొంత శోషణను అడ్డుకుంటుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, అంబలిలా పులియబెట్టడం ఆ అడ్డును తగ్గిస్తాయి. పాత వంట పద్ధతుల్లో ఈ మూడూ ఉన్నాయి.

బియ్యం నుంచి పోయిన మెగ్నీషియం ఎక్కడికి పోతుంది? తవుడులోకి. 100 గ్రాముల తవుడులో 700 మిల్లీగ్రాములకు పైగా మెగ్నీషియం ఉంటుంది. ఆ తవుడు నూనె తీసే కర్మాగారానికి, అక్కడి నుంచి పశువుల, కోళ్ల, చేపల దాణాకు చేరుతుంది. జిల్లా పొలాల్లో పండిన మెగ్నీషియం జిల్లా దాటకుండానే తల్లి కంచాన్ని తప్పించుకుని దాణాలోకి వెళుతోంది. దీనిలో మిల్లు యజమాని తప్పు లేదు. తవుడులోని కొవ్వు త్వరగా ముక్కిపోతుంది కాబట్టి దంపుడు బియ్యం నెలల తరబడి నిల్వ ఉండదు. గోదాముల మీద ఆధారపడిన ప్రజాపంపిణీ వ్యవస్థకు పాలిష్ బియ్యమే అనుకూలం. 2025 ఉగాది నాటి నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. తినడానికి ఇష్టంగా ఉండే బియ్యం పేదలకు అందడం మంచి మార్పే. గింజ సన్నదవడం వల్ల పోషకం తగ్గదు, తెల్లదవడం వల్ల తగ్గుతుంది. ఈ తేడాను ప్రజలకు చెప్పే పని ఇంకా మొదలు కాలేదు.

చెరకు సీమ కూడా ఇదే పాఠం చెబుతుంది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో స్థాపితమై 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారం ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్రలో ఒక ప్రధాన అధ్యాయం. చెరకు రసంలోని ఖనిజాలు పంచదారలో దాదాపు మిగలవు. అవి మడ్డితో పోతాయి. బెల్లంలో కొంత మిగులుతాయి. అయితే గర్భిణికి బెల్లం ఎక్కువ తినమని సలహా ఇవ్వడం తప్పు. గర్భకాలపు మధుమేహం ఉన్న స్త్రీకి అది హాని. పాత ఇళ్లలో ఆడపిల్లకు పెట్టే నువ్వుల చిమ్మిలిలో అసలు విలువ నువ్వులది. 100 గ్రాముల నువ్వుల్లో 300 మిల్లీగ్రాములకు మించి మెగ్నీషియం ఉంది.

జొన్న విషయంలో ఇంకొక చిక్కు ఉంది. జిల్లాలో జొన్న పంట లేక కాదు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల్లో ఎర్రజొన్న విస్తారంగా పండుతుంది. కాని అది విత్తన వ్యాపారుల ద్వారా పశుగ్రాసపు విత్తనంగా ఉత్తరాది రాష్ట్రాలకు వెళుతుంది. తినే జొన్న మాత్రం అంగడిలో కొనుక్కోవలసిన సరుకు అయింది. సేద్యపు నైపుణ్యం ఉండి కూడా కంచంలో జొన్న లేకపోవడం విస్తరణ వైఫల్యం కాకపోవచ్చు. విస్తరణ చేయదగిన పని ఏమిటో మాత్రం ఇది చూపిస్తుంది.

నేల పత్రంలో లేని గడి

2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార పత్రాల పథకంలో పన్నెండు అంశాలు పరీక్షిస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. ఈ జాబితాలో మెగ్నీషియం లేదు. నల్లరేగడిలో ఈ మూలకం సాధారణంగా సరిపడా ఉంటుంది కాబట్టి బోధన్ వైపు దాని లోటు పెద్దగా తెలియకపోవచ్చు. ఇందల్వాయి వంటి చెలక నేలల పరిస్థితి వేరు. ఇసుక పాలు ఎక్కువగా ఉండి ధనాత్మక అయాన్లను పట్టి ఉంచే శక్తి తక్కువైన నేలల్లో మెగ్నీషియం వానకు కొట్టుకుపోతుంది. పసుపు వంటి పంటలకు పొటాష్ ఎక్కువగా వేసే చోట పొటాషియం, మెగ్నీషియం వేర్ల దగ్గర పోటీపడి రెండోది వెనుకబడుతుంది.

ఈ పోటీ పశువైద్యులకు పాత విషయం. పొటాష్ ఎక్కువైన లేత పచ్చిక మేసిన ఆవులకు వచ్చే వణుకు వ్యాధిని నెదర్లాండ్స్‌లో షోలెమా 1930లో రక్తంలో మెగ్నీషియం తగ్గుదలతో ముడిపెట్టాడు. ఈనే ముందు ఆవుకు మెగ్నీషియం చాలకపోతే కాల్షియంను నియంత్రించే హార్మోను సరిగా పనిచేయక పాల జ్వరం వచ్చే అవకాశం పెరుగుతుంది. పాలు మాత్రమే తాగి పెరిగే దూడలకు వయసు పెరిగేకొద్దీ మెగ్నీషియం చాలదు. అందుకే పశువుల ఖనిజ మిశ్రమంలో ఇది తప్పనిసరిగా ఉంటుంది. కొట్టంలో చూడి గేదెకు ఖనిజ మిశ్రమం కలిపే చేతులు ఇంటి కోడలి కంచంలో తెల్లన్నం పెట్టి తృప్తి పడుతున్నాయి. ఈ వైరుధ్యానికి కారణం నిర్లక్ష్యం కాదు, సమాచారం. పశువు గురించి ఎవరో ఒకరు వచ్చి చెప్పారు.

అయితే నేలను సరిచేస్తే గింజ దానంతట అదే బాగుపడుతుందన్న ఆశ అతి. పొలంలో వేసిన మెగ్నీషియంలో గింజలోకి చేరేది కొంత మాత్రమే. అందులోనూ ఎక్కువ భాగం తవుడు పొరలోనే ఉండి మిల్లులో పోతుంది. గర్భిణి విషయంలో నేల కన్నా మిల్లు, మిల్లు కన్నా పంటల ఎంపిక పెద్ద ప్రభావం చూపుతాయి. నేల పరీక్ష అవసరం ఆకుకూరలకు, పశుగ్రాసానికి, చెలక నేలల పంటల దిగుబడికి.

నీటిలో పోయేది

తాగునీటి విషయం ఇంకా తక్కువ చర్చకు వచ్చింది. భారత ప్రమాణాల సంస్థ 2012 నిబంధన ప్రకారం తాగునీటిలో మెగ్నీషియం లీటరుకు 30 మిల్లీగ్రాముల వరకు ఆమోదనీయం, వేరే నీటి వనరు లేనప్పుడు 100 వరకు అనుమతి ఉంది. ప్రమాణాలు గరిష్ఠ పరిమితినే చెబుతాయి, కనీసం ఇంత ఉండాలని చెప్పవు. లీటరుకు 30 మిల్లీగ్రాములున్న బోరు నీటిని రోజుకు మూడు లీటర్లు తాగే గర్భిణికి 90 మిల్లీగ్రాములు, అంటే అవసరంలో ఐదో వంతు నీటి ద్వారానే అందుతుంది. ఊరి మంచినీటి ప్లాంటులో విలోమ ద్రవాభిసరణ ద్వారా శుద్ధి చేసి 20 లీటర్ల క్యానులో అమ్మే నీటిలో ఇది చాలా వరకు తొలగిపోతుంది. అలాంటి నీటికి మినరల్ వాటర్ అని పేరు. ఫ్లోరైడ్, నైట్రేట్ ఎక్కువగా ఉన్న చోట శుద్ధి తప్పనిసరి, అందులో సందేహం లేదు. అవి పరిమితిలోనే ఉన్న చోట కూడా కేవలం రుచి కోసం ఖనిజాలన్నీ తీసివేయడం గర్భిణులకు అవసరమా అన్నది ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో తాగునీటిలోని కాల్షియం, మెగ్నీషియంల ప్రజారోగ్య ప్రాముఖ్యంపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే వెలువరించింది.

విస్తరణ విభాగం చేయదగినది

మొదటి అడుగు అంగన్‌వాడీ. 2015 జనవరి నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలో అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలతో ఒక పూట పూర్తి భోజనం పెడుతున్నారు. గుడ్డును, పాలను తగ్గించకుండా వారంలో రెండు మూడు రోజులు అన్నంలో కొంత భాగం స్థానంలో జొన్న రొట్టె లేదా గట్క పెట్టడం సాధ్యమే. దీనికి కొత్త పథకం అక్కరలేదు. కావలసినది తినే జొన్న సరఫరా. రుద్రూర్ కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు కొందరు రైతులతో ఆహారపు జొన్న సాగు చేయించి, ఆ గింజను మండలంలోని కేంద్రాలకే చేర్చే ఏర్పాటుకు మధ్యవర్తిత్వం వహించవచ్చు. ఎర్రజొన్న సాగు తెలిసిన జిల్లాలో రైతుకు కొత్తగా నేర్పవలసినది తక్కువ, ధరకు భరోసా ఇవ్వవలసినది ఎక్కువ.

రెండవది తక్కువ పాలిష్ బియ్యం. రాష్ట్రమంతటికీ దంపుడు బియ్యం పంచడం నిల్వ దృష్ట్యా కుదరదు. కాని ఒక మండలంలోని అంగన్‌వాడీలకు, వసతి గృహాలకు కావలసిన బియ్యాన్ని నెలకొకసారి దగ్గరలోని మిల్లులో తక్కువ పాలిష్‌తో పట్టించి వెంటనే వాడటం కుదురుతుంది. ముక్కిపోయే సమస్య దూరం, కాలం పెరిగినప్పుడే వస్తుంది.

మూడవది పరీక్ష. నేలలో మార్పిడికి వీలైన కాల్షియం, మెగ్నీషియంలను ఈడీటీఏ టైట్రేషన్ ద్వారా సాధారణ ప్రయోగశాలలోనే కొలవవచ్చు. నీటి కాఠిన్యం కొలిచేదీ ఇదే పద్ధతి. వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామీణ అనుభవ శిక్షణలో భాగంగా ఒక గ్రామంలో చెలక, రేగడి నేలల నమూనాలు, బోరు నీరు, క్యాను నీరు తీసుకుని ఒకే రసాయనాలతో పరీక్షించగలరు. ఆ గ్రామంలో గర్భిణుల ఒక రోజు ఆహారాన్ని గృహవిజ్ఞాన విద్యార్థులు తూచి లెక్కకడితే నేల, నీరు, కంచం మూడూ ఒకే పట్టికలో కనిపిస్తాయి. ఇలాంటి పట్టిక ఒక్క మండలానికి తయారైనా తరువాతి పరిశోధనకు పునాది అవుతుంది. ఇందల్వాయి మండలం చెలకకూ ఆయకట్టుకూ మధ్య ఉండటం దానికి అనుకూలం.

నాల్గవది సహకారం. గర్భం నుంచి బాల్యం వరకు పిల్లల ఎత్తు, శరీర కొవ్వు, రక్తంలో చక్కెర స్థితిని అనుసరించే అధ్యయనం వ్యవసాయ విశ్వవిద్యాలయం ఒక్కటే చేయలేదు. జాతీయ పోషకాహార సంస్థకు ఆ అనుభవం ఉంది. విశ్వవిద్యాలయానికి నేల, పంట, రైతు కుటుంబాలతో సంబంధం ఉంది. పంటల మార్పును ఒక సమూహ గ్రామాల్లో ముందుగా, మరొక సమూహంలో తరువాత ప్రవేశపెడితే హైదరాబాద్ గ్రామాల అధ్యయనం లాంటి పోలిక సహజంగా ఏర్పడుతుంది. మెగ్నీషియం వాటా ఎంత, మిగతా ఆహారపు వాటా ఎంత అన్న ప్రశ్నకు జవాబు అప్పుడే దొరుకుతుంది.

చేయకూడనిది కూడా చెప్పుకోవాలి. రైతు శిక్షణ తరగతిలో గర్భిణులకు మెగ్నీషియం మాత్రలు సూచించడం విస్తరణ సిబ్బంది పని కాదు. మూత్రపిండాల లోపం ఉన్నవారికి అవి ప్రమాదకరం. వైద్యులు రాసిన ఐరన్, కాల్షియం మాత్రలను ఆపి చిరుధాన్యాలు తినమని చెప్పడం అంతకన్నా పెద్ద తప్పు. చిరుధాన్యం మందు కాదు, రోజువారీ ఆహారం. దానిని ఆహారంగానే చెప్పాలి.

ఈ ప్రతిపాదనలకు ఎదురయ్యే అభ్యంతరం ఒకటి ఊహించదగినదే. మానవ ఆధారం పూర్తి కానప్పుడు పంటల ప్రణాళికను ఎందుకు మార్చాలి? దీనికి సమాధానం ఖర్చులో ఉంది. మాత్రకు పొరపాటు జరిగితే హాని ఉంది. జొన్న, పప్పు, నువ్వులు, ఆకుకూర, తక్కువ పాలిష్ బియ్యం విషయంలో మెగ్నీషియం అంచనా తప్పినా పీచు, ఇనుము, బి విటమిన్లు, మాంసకృత్తుల రూపంలో తల్లికి మేలే మిగులుతుంది. ఏ సలహా తప్పైనా నష్టం లేదో, ఒప్పైతే ఒక తరానికి మేలో, అలాంటి సలహాను ఆధారాలు నూటికి నూరు శాతం సమకూరే దాకా వాయిదా వేయనవసరం లేదు. ఎలుకల్లో ఆహారాన్ని ఆలస్యంగా సరిచేసినప్పుడు కొవ్వు, ఇన్సులిన్ మార్పులు పూర్తిగా మరలలేదన్న సంగతి ఇక్కడ మళ్లీ గుర్తుకు తెచ్చుకోవలసినది. ఈ సంవత్సరం గర్భిణిగా ఉన్న స్త్రీకి వచ్చే సంవత్సరపు నివేదిక ఉపయోగపడదు.

వచ్చే వానాకాలపు కార్యాచరణ ప్రణాళిక రాసే సమావేశంలో జిల్లా అధికారులు వరి ఎన్ని ఎకరాలు, మొక్కజొన్న ఎన్ని ఎకరాలు అన్న గడులు నింపుతారు. ఇందల్వాయి మండలంలోని అంగన్‌వాడీలకు ఏడాదికి ఎన్ని క్వింటాళ్ల తినే జొన్న కావాలి, దానికి ఎన్ని ఎకరాలు చాలు, ఏ రైతులు పండిస్తారు అన్న ఒక్క వరుస ఆ పత్రంలో అదనంగా చేరితే ఈ పని మొదలైనట్లే. గర్భిణుల సంఖ్య అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఉంది. ఎకరా దిగుబడి వ్యవసాయశాఖ దగ్గర ఉంది. ఆ రెండు అంకెలను ఒకరు పక్కపక్కన పెట్టి గుణించాలి.